దెబ్బ తగలకుండానే సిర చిట్లుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. ఎడమ కాలు వాచిన రెండు రోజులకు, గట్టిగా దగ్గుతుండగా పొత్తికడుపులో భరించలేని నొప్పి వచ్చి కళ్లు తిరిగి పడిపోయింది. కటి భాగంలో సిర చిట్లిందని స్టెంట్ వేశారు. దెబ్బేమీ తగల్లేదు కదా, ఎందుకిలా అయింది? రక్తస్రావమైన మనిషికి రక్తం పలచబడే మందు ఇవ్వొచ్చా?

జవాబు: ఇది చాలా అరుదైన సమస్య. నడివయసు దాటిన మహిళల్లో, అదీ ఎడమవైపే ఎక్కువ. ఎడమ కాలి రక్తాన్ని పైకి తెచ్చే ఇలియాక్ సిర, కుడి కాలికి వెళ్లే ధమనికీ వెన్నెముకకూ మధ్య నుంచి వెళ్తుంది. కొందరిలో ధమని ఆ సిరను బాగా నొక్కేస్తుంది. దీన్నే మే-థర్నర్ సిండ్రోమ్ అంటారు. దారి ఇరుకైతే రక్తం నిలిచి గడ్డకడుతుంది. గడ్డకు దిగువన సిరలో ఒత్తిడి పెరిగి, గోడ వాచి బలహీనపడుతుంది. అప్పుడు దగ్గినా, వంగినా, ముక్కినా చిట్లిపోవచ్చు.

బీపీ పడిపోవడం చూసి బృహద్ధమని ఉబ్బు పగిలిందనో, అండాశయంలో తిత్తి పగిలిందనో పొరబడుతుంటారు. కాలి వాపే అసలు ఆచూకీ. సీటీ స్కాన్‌లో, రక్తనాళాలు స్పష్టంగా కనిపించేందుకు ఎక్కించే కాంట్రాస్ట్ మందు ధమనుల్లో ఉన్నప్పుడే కాక, సిరల్లోకి చేరాక కూడా చిత్రాలు తీయాలి. లేకుంటే చిట్లిన చోటు కనిపించకపోవచ్చు.

బీపీ, హిమోగ్లోబిన్ నిలకడగా ఉంటే ఐసీయూలో కనిపెట్టుకుని ఉంటే చాలు. చుట్టూ పేరుకున్న రక్తమే అదిమిపట్టి స్రావాన్ని ఆపుతుంది. ఆపరేషన్‌కు తెరిస్తే ఆ పట్టు సడలి రక్తం ఉధృతంగా పోతుంది. అందుకే వీలైన చోట పొర తొడిగిన స్టెంట్ మేలు. ఉత్త జాలీ స్టెంట్ చిల్లును మూయలేదు. ప్రాణం మీదికొచ్చి స్టెంట్‌కు వీల్లేకపోతే తెరిచి కుట్టాలి, కుట్టు నిలవకపోతే సిరను ముడివేయాలి. దాంతో కాలి వాపు దీర్ఘకాలం ఉండిపోవచ్చు.

ఇక రక్తం పలచబడే మందు సంగతి. చిల్లు మూసినా గడ్డ అక్కడే ఉంది. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. స్టెంట్ కూడా మూసుకుపోవచ్చు. కాబట్టి మందు ఇవ్వడం సరైనదే, ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే కీలకం. స్రావం ఆగి హిమోగ్లోబిన్ కుదుటపడ్డాక, సాధారణంగా రక్తం పలచబడే ఇంజెక్షన్ హెపారిన్‌తో ప్రారంభిస్తారు. అవసరమైతే వెంటనే ఆపేయవచ్చు, విరుగుడూ ఉంది. మందు ఇవ్వలేని రోజుల్లో గడ్డ ఊపిరితిత్తులకు చేరకుండా పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్ పెడతారు, తర్వాత తీసేస్తారు. ఆ తర్వాత రక్తం పలచబడే మాత్రలు కనీసం 3 నెలలు వాడాలి.

మాత్రలు సొంతంగా ఆపొద్దు. డాక్టర్ని అడగకుండా డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేయొద్దు. మలబద్ధకం రానివ్వకండి. కడుపులోగానీ నడుములోగానీ మళ్లీ నొప్పి, కళ్లు తిరగడం, నల్లటి విరేచనం, ఆయాసం, కాలి వాపు పెరగడం... వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.