అంగన్‌వాడీలో చేరిన మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మేనత్త దీవించి రాయునది.

నీ కేంద్రానికి వచ్చే ఒక గర్భిణి చేతుల మీద కమిలిన మచ్చలు చూసి ఏం చేయాలో తోచలేదని రాశావు. ముప్పై ఏళ్లు ఈ ఉద్యోగమే చేసినదాన్ని కనుక, నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఒకసారి అలాంటి ఇంటికి పెద్దరికంతో వెళ్లి, భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, కాపురం చక్కబెట్టానన్న తృప్తితో తిరిగి వచ్చాను. ఇంటి గుట్టు బయటపెట్టిందన్న కసితో ఆ రాత్రే అతను ఆమె చెయ్యి విరగ్గొట్టాడు. ఆ తరువాత ఏ భార్యనూ భర్త ఎదుట ఈ సంగతి అడగలేదు.

కాబట్టి తూకం వేసే వేళ, తోడు వచ్చిన అత్తగారిని ఏదో పని మీద బయట ఉంచి ఆమెతో మాట్లాడు. ఎందుకు భరిస్తున్నావని అడగవద్దు. ఇంట్లో భయంగా ఉంటుందా అని అడుగు. చెప్పకపోతే ఊరుకుని, మరుసటి తూకానికి మళ్లీ అడుగు. గొంతు నులిమాడని చెబితే మాత్రం, మెడ మీద మచ్చ లేకపోయినా, ఆ రోజే ఆసుపత్రికి పంపించు. లోపలి దెబ్బ ఆలస్యంగా బయటపడవచ్చు, పైగా అలా చేసినవాడు ప్రాణం తీయడానికీ వెనుకాడకపోవచ్చు.

ఇల్లు వదిలి వచ్చేయమని తొందరపెట్టవద్దు. భార్య వెళ్లిపోతున్నదని అతను పసిగట్టే సమయమే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ముందుగా ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్లు, కొంత డబ్బు నమ్మకమైన పొరుగింట్లో పెట్టించు. (బియ్యం డబ్బాలో దాచుకోమని మనవాళ్లు చెబుతారు, అతను వెతికే మొదటి చోటు అదే.) గొడవ ముదిరితే కత్తిపీట, గ్యాసు పొయ్యి ఉండే వంటింట్లోకి కాక, వీధి గుమ్మం వైపు జరగాలని చెప్పు. పిల్లలు మధ్యలో అడ్డుపడకూడదు. నేను ఒక తల్లికి నేర్పిన ఉపాయం ఇది: రాత్రిపూట పిల్లవాడు పక్కింటికి వెళ్లి పాలు తోడుపెట్టడానికి మజ్జిగ అడిగితే, ఆ పొరుగామె వెంటనే పోలీసుల అత్యవసర నంబరు 112కు ఫోను చేసేది. మహిళలకు 181, పిల్లలకు 1098 సహాయ నంబర్లు నోటికి వచ్చేలా చెప్పించు. ఫోనులో మాత్రం దాచుకోవద్దని చెప్పు.

ఇక చట్టం సంగతి. 2005లో చేసిన గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాక, తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం కూడా దాని కిందికి వస్తాయి. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇల్లు అయితే అందులో ఉండే హక్కు కోరవచ్చని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారి, జరిగిన హింస గురించి ఘటన నివేదిక రాస్తారు. ఆమె పుట్టింట్లో తలదాచుకుంటున్నా అక్కడి మేజిస్ట్రేటుకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మొదటి విచారణ మామూలుగా 3 రోజుల్లోపు, తీర్పు ఆ విచారణ నుంచి 60 రోజుల్లోపు అన్నది చట్టం ఉద్దేశం, కాని నేను చూసినవాటిలో చాలా వరకు నెలల తరబడి సాగాయి. ఆ మాట ఆమెకు ముందే చెప్పు, లేకపోతే మధ్యలో నీరుగారిపోతుంది. న్యాయ సేవా సంస్థ ఇచ్చే ఉచిత న్యాయవాదికి స్త్రీల విషయంలో ఆదాయ పరిమితి లేదు. 15100కు ఫోను చేయవచ్చు. హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం పెట్టిన సఖి కేంద్రంలో కొద్దిరోజులు ఉండే వసతి కూడా దొరుకుతుంది. సద్బుద్ధితో రక్షణ అధికారికి సమాచారమిచ్చినందుకు నీ మీద కేసు ఉండదని ఆ చట్టమే చెబుతోంది, కనుక మీ ఆయన భయపడితే అది చూపించు.

ఈ సంగతులేవీ కేంద్రం రిజిస్టరులో రాయవద్దు. దాన్ని ఎవరైనా తిరగేస్తారు. ఈసారి తూకం రోజున ఆమె రాకపోతే, గుడ్లు ఇచ్చే నెపంతో ఆ మధ్యాహ్నమే ఇంటికి వెళ్లి చూసి రా.

నీ మేనత్త