పేరు మార్చినంత మాత్రాన వీడియో మారదు

ప్రశ్న: మాది మంగళగిరి చీరల వ్యాపారం. ఒక్కో చీరను ఐఫోనుతో అర నిమిషం వీడియో తీసి మా వెబ్‌సైట్‌లో పెడుతున్నాను. ఫైలు పేరు చివర ‘ఎంఓవీ’ అని ఉంటే తీసేసి ‘ఎంపీ4’ అని మార్చాను. నా ఫోనులో చక్కగా కనిపిస్తోంది. కొందరు మాత్రం తమ కంప్యూటర్లో నా మాటలు వినిపిస్తున్నాయి గానీ చీర కనిపించడం లేదంటున్నారు. ఏవీ1 వాడమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయాలి?

జవాబు: కందిపప్పు డబ్బా మీద శనగపప్పు అని చీటీ అంటించారు, అంతే. ఎంఓవీ, ఎంపీ4 అనేవి డబ్బాలు. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే సంగతి. ఆ పద్ధతినే కోడెక్ అంటారు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్.265 కోడెక్‌తో వీడియో తీస్తున్నాయి. దీనికే హెచ్‌ఈవీసీ అని మరో పేరు. చోటు బాగా ఆదా చేస్తుంది. కానీ దీని పేటెంట్ల రుసుముల వ్యవహారం ఒక కొలిక్కి రాక, చాలా బ్రౌజర్లు చాలాకాలం దూరంగానే ఉన్నాయి. ఇప్పటికీ పాత కంప్యూటర్లలో, కొన్ని బ్రౌజర్లలో ఇది నడవదు. శబ్దానిది వేరే కోడెక్ కాబట్టి అది మాత్రం వినిపిస్తుంది. మీ కొనుగోలుదారులు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

మీకు కావలసింది హెచ్.264. 2003 నాటిది. పాతదని చిన్నచూపు వద్దు. నేడు వాడుకలో ఉన్న ఫోన్లు, బ్రౌజర్లు దాదాపు అన్నీ దీన్ని చూపగలవు. కొనుగోలుదారు ఫోను ఏదో మీకు తెలియనప్పుడు ఇంతకు మించిన భరోసా లేదు.

ఫోను సెట్టింగులు కదిలించకండి. తీసిన వీడియోను ‘హ్యాండ్‌బ్రేక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎంపీ4 డబ్బా, హెచ్.264 కోడెక్ ఎంచుకోండి. వెడల్పు 1280 పిక్సెళ్లు చాలు. ‘ఆర్‌ఎఫ్’ అనే నాణ్యత సంఖ్యను 22 దగ్గర పెట్టి, జరీ అంచును దగ్గరగా చూడండి. గళ్లు కలిసిపోయి అలికినట్టుంటే 20కి దించండి. సంఖ్య తగ్గితే నాణ్యత, ఫైలు బరువు రెండూ పెరుగుతాయి. ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ అన్న గడిలో టిక్కు పెట్టడం మరిచిపోవద్దు. వీడియో సూచిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది, ఈ టిక్కు దాన్ని ముందుకు తెస్తుంది. అప్పుడు బ్రౌజర్ దానికోసం వెతుక్కోకుండా వెంటనే మొదలుపెడుతుంది.

1080 పిక్సెళ్ల ఎత్తు, సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) ఉన్న వీడియో నిమిషానికి సుమారు 60 ఎంబీ అని ఐఫోనే చెబుతుంది. అంటే మీ అర నిమిషానికి 30. సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన (8 మెగాబిట్లు ఒక ఎంబీ) కుదిస్తే 7.5 ఎంబీ అవుతుంది.

అన్నిటికన్నా పెద్ద ఆదా చిత్రీకరణలోనే ఉంది. కోడెక్ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు, ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడానే ఎక్కువగా రాసుకుంటుంది. చేయి వణికితే గోడా, నేలా, చీరా అన్నీ తేడాలే. ఫోనును స్టాండు మీద నిలిపి, వెనుక ఒకే రంగు గుడ్డ కట్టి, చీరను మెల్లగా విప్పండి. మిగిలిన బిట్లన్నీ బుటాలకు దక్కుతాయి.

ఇక ఏవీ1. గూగుల్, మొజిల్లా, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు 2015లో కూటమి కట్టి, 2018లో రుసుము లేకుండా విడుదల చేసిన కోడెక్ ఇది. అదే నాణ్యతకు హెచ్.264 కన్నా బాగా చిన్న ఫైలు ఇస్తుంది. అయితే మామూలు కంప్యూటర్లో కుదించడానికి చాలాసేపు పడుతుంది. పాత ఐఫోన్ల సఫారీ బ్రౌజర్‌లో కనిపించదు. ఐఫోన్లలో 15 ప్రో నుంచే దీనికి తగిన చిప్పు ఉంది. రోజుకు వేలమంది చూసే సైటయితే రెండు ఫైళ్లూ పెట్టి, పేజీలో ఏవీ1ను ముందు, హెచ్.264ను తర్వాత రాయవచ్చు. బ్రౌజర్ తనకు చేతనైన మొదటిదాన్ని తీసుకుంటుంది. మీకిప్పుడు ఆ శ్రమ అనవసరం.

ప్రశ్న: మా సైటు మొదటి పేజీలో పట్టుచీర రెపరెపలాడే జిఫ్ (కదిలే బొమ్మ ఫైలు) పెట్టాం. 12 ఎంబీ ఉంది. తగ్గేదెలా?

జవాబు: జిఫ్‌ను తీసేయండి. 1987 నాటి ఆ ఫార్మాట్‌లో ఫ్రేముకు 256 రంగులే. పట్టు మెరుపు అందులో మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. అదే దృశ్యాన్ని శబ్దం లేని హెచ్.264 ఎంపీ4గా చేయండి. పేజీ కోడ్‌లోని వీడియో ట్యాగులో ఆటోప్లే, మ్యూటెడ్, లూప్, ప్లేస్‌ఇన్‌లైన్ అన్న నాలుగు మాటలూ రాయాలి. చివరిది లేకపోతే ఐఫోనులో మీ చీర తెరంతా కప్పేస్తుంది.