కదలికను కాపాడే వెన్ను ఇంప్లాంట్లు ఎవరికి తగినవి?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 63. పది నిమిషాలు నడిచేసరికి పిక్కలు పట్టేసి, కాళ్లు తిమ్మిరెక్కి, ఎక్కడో ఒకచోట కూర్చోవలసి వస్తోంది. ఎల్4 వెన్నుపూస ఎల్5 మీద ముందుకు జారిందనీ, అక్కడ నరాల మార్గం ఇరుకైందనీ ఎంఆర్ఐలో తేలింది. స్క్రూలు, రాడ్లు వేసి ఆ రెండు ఎముకలనూ కలిపేయాలని సర్జన్ చెప్పారు. అలా చేస్తే నడుము వంగదనీ, కృత్రిమ డిస్క్ వేయించమనీ బంధువులు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ అమ్మగారి విషయంలో కృత్రిమ డిస్క్ సరైన చికిత్స కాదు. కారణం వెన్ను నిర్మాణంలోనే ఉంది. రెండు వెన్నుపూసల మధ్య ముందు వైపు మెత్తని దిండులాంటి ఒక డిస్క్, వెనుక కుడి ఎడమల రెండు చిన్న కీళ్లు ఉంటాయి. మనం వంగినా తిరిగినా ఈ మూడూ కలిసే పనిచేస్తాయి. కృత్రిమ డిస్క్ వీటిలో ముందున్న ఒక్కదానికే బదులవుతుంది, అదీ వెనుక కీళ్లు గట్టిగా ఉన్నప్పుడే తన చోట నిలుస్తుంది. ఈ వయసులో ఎముక జారిందంటే సాధారణంగా ఆ కీళ్లు అరిగి పట్టు కోల్పోయాయనే అర్థం. పైగా నరాల మార్గాన్ని ఇరుకు చేసేది చాలావరకు ఉబ్బిన ఆ కీళ్లూ, వాటి పక్కన, ఎముకలను కట్టి ఉంచే మందమైన లిగమెంటూ కాగా, నడుము డిస్క్‌ను కడుపు వైపు నుంచి అమరుస్తారు కనుక వెనుక ఉన్న ఆ ఇరుకు అలాగే మిగిలిపోతుంది.

బంధువుల మాటలోని ఆశను మాత్రం నేను తప్పు పట్టను. ఎముకలను కలిపేయకుండా కదలికను నిలపాలన్న ప్రయత్నం చాలా కాలంగా సాగుతున్నదే. 1960లలో స్వీడన్ సర్జన్ ఫెర్న్‌స్ట్రోమ్ డిస్క్ ఉన్న చోట ఉక్కు గోళీలు అమర్చారు. కాలక్రమంలో అవి చాలామందిలో ఎముకలోకి దిగబడిపోయాయి. 1984లో తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో, రెండు లోహపు పలకల నడుమ జారే ప్లాస్టిక్ బిళ్ల ఉన్న డిస్క్‌ను మొదటిసారి వేశారు. దానిని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన కారిన్ బ్యూట్నర్-యాంజ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన క్రీడాకారిణి. ఆ డిస్క్‌కు 2004లో, వైద్య పరికరాలను ఆమోదించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చినప్పుడు కూడా, ఎముక 3 మిల్లీమీటర్లకు మించి జారి ఉండకూడదన్న షరతు పెట్టింది.

ఇక నడుము వంగదన్న భయం గురించి. మనం ముందుకు వంగేటప్పుడు సగం పని తుంటి కీళ్లే చేస్తాయి, మిగతాది నడుములోని మెట్లన్నీ, అంటే రెండేసి వెన్నుపూసల జతలన్నీ, పంచుకుంటాయి. ఒక్క మెట్టు బిగిస్తే రోజువారీ పనుల్లో చాలామందికి పెద్దగా తేడా తెలియదు. ఆలోచించవలసింది పై మెట్టు, కింది మెట్టు మీద పెరిగే భారం గురించి.

అందుకే సర్జన్‌ను ముందుగా ఒక మాట అడగండి: వంగి, వెనక్కి వాలి తీసే ఎక్స్‌రేలలో ఆ ఎముక కదులుతోందా, లేక జారిన చోటే స్థిరంగా ఉందా? స్థిరంగా ఉంటే, ఏ ఇంప్లాంటూ లేకుండా నరాల మీది ఒత్తిడిని మాత్రమే తీసేసే ఆపరేషన్ సరిపోవచ్చు. నార్వేలో ఇలాంటి 267 మంది మీద జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, రెండేళ్ల తర్వాత ఈ చిన్న ఆపరేషన్ ఫలితం ఎముకలను కలిపిన ఆపరేషన్‌కు తీసిపోలేదు. నా దృష్టిలో మీరు మొదట చర్చించవలసినది ఇదే.

రాడ్లకు బదులు తాళ్లు, మెత్తని గొట్టాలు ఉండే డైనెసిస్ వంటి అమరికలు 1994 నుంచి ఉన్నాయి. అమెరికాలో వాటికి ఫ్యూజన్‌కు, అంటే ఎముకలను కలిపేసే ఆపరేషన్‌కు, తోడుగా వాడేందుకే అనుమతి దక్కింది. అరిగిన వెనుక కీళ్లను తొలగించి ఆ స్థానంలో కదిలే పరికరాన్ని అమర్చే టాప్స్ అనే పద్ధతికి 2023లో ఆమోదం లభించింది; అది మీ అమ్మగారి వంటి సమస్యకే ఉద్దేశించినది, కానీ దీర్ఘకాలపు అనుభవం ఇంకా తక్కువ. స్క్రూలు వేసే ఏ పద్ధతి ఎంచుకున్నా వాటికి పట్టునిచ్చేది ఎముకే. నెలసరి ఆగిపోయిన వయసు కనుక ముందుగా ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. అందులో వచ్చే టి-స్కోర్ అనే అంకె మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఎముక గుల్లబారినట్టే. ఈ పరీక్ష అడగడానికి మొహమాటపడకండి. మూత్రం బిగుసుకుపోయినా, ఆపుకోలేకపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మెడలో సీ5–సీ6 డిస్క్ జారి మూడు నెలలుగా కుడి చేయి లాగుతోంది, బొటనవేలు మొద్దుబారింది. మందులు, ఫిజియోథెరపీ పనిచేయలేదు. కృత్రిమ డిస్క్ మంచిదా, ఫ్యూజన్ మంచిదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కృత్రిమ డిస్క్ బాగా సరిపోయేది మీ వంటివారికే. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. రెండు ఆపరేషన్లలోనూ మెడ ముందు నుంచే వెళ్లి, జారిన డిస్క్‌నూ నరాన్ని నొక్కే ఎముక ముళ్లనూ తీసేస్తారు. చేయి నొప్పి తగ్గేది దాని వల్లనే. తర్వాత ఖాళీలో ఏది పెట్టారన్నది రాబోయే ఏళ్లకు సంబంధించిన ప్రశ్న. మెడలో ఫ్యూజన్ అయినవారిలో ఏటా సుమారు 2.9 శాతం మందికి పక్క మెట్టులో కొత్త సమస్య వచ్చిందని 1999లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అందులో ఎంత భాగం ఫ్యూజన్ వల్ల, ఎంత భాగం వయసు వల్ల అన్నది వాదనగానే ఉన్నా, మెడ కృత్రిమ డిస్క్‌ల మీద వచ్చిన దీర్ఘకాలిక ఫలితాలు ఫ్యూజన్‌కు తీసిపోకుండా ఉన్నాయి, చాలా పరిశోధనల్లో రెండోసారి ఆపరేషన్ అవసరమూ తగ్గింది.

కొందరిలో కొత్త డిస్క్ చుట్టూ ఎముక పెరిగి కదలిక ఆగిపోతుంది. అప్పుడది ఫ్యూజన్‌లాగే అవుతుంది, సాధారణంగా నొప్పి తిరిగి రాదు. వెనుక కీళ్లు బాగా అరిగి ఉన్నా, ఆ మెట్టు ఇప్పటికే కదలకుండా బిగిసిపోయినా ఫ్యూజనే మేలు. లోహం ఏమిటో కూడా అడగండి. కోబాల్ట్-క్రోమ్ తర్వాతి ఎంఆర్ఐలలో చిత్రాన్ని ఎక్కువగా చెరుపుతుంది, టైటానియం కొంత నయం. పిడికిలి పట్టు సడలినా, బొత్తాలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలుడు వచ్చినా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమోనని అనుమానించి, ఏ డిస్క్ అన్న చర్చతో ఆలస్యం చేయకుండా సర్జన్‌ను కలవండి.