పాత రోఫిన్ లేజర్ చవగ్గా వస్తోంది... కొనొచ్చా?

ప్రశ్న: బాలానగర్‌లో మాకు షీట్‌మెటల్ జాబ్‌వర్క్ షెడ్డు ఉంది. 2.5 కిలోవాట్ల రోఫిన్ సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో కిరణం పుట్టించే) లేజర్ ఉన్న పాత కటింగ్ మెషిన్ తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదట కదా, స్పేర్లు దొరుకుతాయా?

జవాబు: పేరు పోయింది గానీ సరుకు చేతులు మారింది. రోఫిన్ 1975లో హాంబర్గ్‌లో మొదలైంది. 1987లో సీమెన్స్ చేతికి వెళ్లి, 1996లో షేర్ మార్కెట్‌కి వచ్చింది. 2016 నవంబరులో అమెరికా కంపెనీ కోహెరెంట్ దాన్ని సుమారు 94 కోట్ల డాలర్లకు కొనేసింది. పోటీ తగ్గిపోతుందని ఐరోపా కమిషన్ అడ్డుపడటంతో, ఇంగ్లండ్‌లోని హల్‌లో ఉన్న తక్కువ పవర్ సీఓ2 లేజర్ల విభాగాన్ని వేరేవాళ్లకు అమ్మాల్సి వచ్చింది. అదే ఇప్పటి లక్సినార్. అందుకే ముందు లేజర్ మీదున్న నేమ్‌ప్లేట్ చూడండి. ఎస్‌సీ సిరీస్ అయితే లక్సినార్‌ని, డీసీ సిరీస్ అయితే కోహెరెంట్‌ని అడగాలి. 2.5 కిలోవాట్లంటే మీది డీసీ అయ్యే అవకాశమే ఎక్కువ.

రోఫిన్ లేజర్లు నాసిరకమై దెబ్బతినలేదు. సన్నటి గాజు తీగలో కిరణం పుట్టించే ఫైబర్ లేజర్ వచ్చి లెక్క మార్చేసింది. ఆ తీగకు వెలుగు అందించే పంప్ డయోడ్లు సొంతంగా తయారుచేసుకునే ఫైబర్ లేజర్ల కంపెనీ ఐపీజీ ఫొటోనిక్స్ 2006లో షేర్ మార్కెట్‌కి వచ్చేసరికే ఫైబర్‌లో రోఫిన్ వెనకబడింది. 2008లో ఫైబర్ తయారుచేసే నుఫర్న్ కంపెనీని కొని ఫైబర్‌లోకి దిగింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఆ లెక్క మీ కరెంటు బిల్లులోనూ కనిపిస్తుంది. సీఓ2 లేజర్ సామర్థ్యం సుమారు 10 శాతం, ఫైబర్‌ది 30 శాతం పైన. 2.5 కిలోవాట్ల కిరణానికి మొదటిది 25 కిలోవాట్లు లాగితే, రెండోది 8 చాలంటుంది. ఫుల్ పవర్‌లో 8 గంటలు నడిపితే తేడా దాదాపు 136 యూనిట్లు. వృథా అయ్యే వేడిని తీసే చిల్లర్ ఖర్చు దీనికి అదనం.

అయినా కొనాలనుకుంటే పవర్ మీటర్‌తో రెండు చోట్ల కొలిపించండి: లేజర్ బయటికొచ్చే చోట, కటింగ్ హెడ్ కింద. మొదటి చోట బాగుండి రెండో చోట తగ్గితే దారిలోని అద్దాలో, లెన్సో మాసినట్టు. అది చిన్న ఖర్చు. మొదటి చోటే తక్కువుంటే గ్యాస్ సిలిండర్ మార్చి మళ్లీ చూడాలి. అప్పుడూ పెరగకపోతే లోపలి అద్దాలు గానీ, గ్యాస్‌కి కరెంటు శక్తినిచ్చే ఆర్ఎఫ్ జనరేటర్ గానీ దెబ్బతిని ఉంటాయి. అలాంటిదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. అరగంట ఆగకుండా నడిపించి చూడటం మరవకండి, చల్లగా ఉన్నప్పుడు చాలా మెషిన్లు బుద్ధిగానే ఉంటాయి.

షెడ్డులో పక్కనే పెయింటింగ్ చేస్తారా? థిన్నర్ ఆవిరి సీఓ2 లేజర్ నుంచి వచ్చే 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కిరణాన్ని పీల్చుకుంటుంది. కిరణం చెదిరి, కట్ అంచు పాడవుతుంది. కారణం తెలియక లెన్సులు మార్చి డబ్బు తగలేస్తుంటారు. కిరణం వెళ్లే గొట్టంలోకి శుభ్రమైన పొడి గాలి పంపాలి. లెన్స్ జింక్ సెలెనైడ్‌తో చేసింది. పగిలినా, కాలినా వచ్చే పొడి విషం, చేతులతో ముట్టొద్దు.

మీ పనిలో యాక్రిలిక్, చెక్క ఉంటే మాత్రం సీఓ2 ఇప్పటికీ పనికొస్తుంది, పారదర్శక యాక్రిలిక్‌ని ఫైబర్ కోయలేదు. ఉత్త స్టీలు, ఇత్తడి పనైతే ఫైబర్‌కే వెళ్లండి. అప్పుడు రక్షణ కళ్లద్దాలు కూడా ఫైబర్ కిరణం తరంగదైర్ఘ్యమైన 1.07 మైక్రాన్లకు సరిపడేవి కొత్తగా కొనాలి. సీఓ2 కోసం వాడే కళ్లద్దాల్లోంచి ఆ కిరణం నేరుగా రెటీనా దాకా వెళ్లగలదు.