కొల్లేరు బురద మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లెటూరండి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయిపోయింది. కొల్లేరులో గెడ వేస్తే బుడబుడా బుడగలొస్తాయి, కుళ్ళిన కోడిగుడ్డు కంపు కూడా. అదేనా మీథేన్ అంటే? దాని మీదే పీహెచ్‌డీ చేద్దామనుంటే ఇంట్లో బురద మీద పరిశోధనేంటే అని నవ్వుతున్నారు. ఎలా మొదలెట్టాలో కాస్త చెప్పండి.
- ఓ పాఠకురాలు

జవాబు: నవ్వనీ అమ్మా. ముందు ఆ కంపు సంగతి చూద్దాం. మీథేన్‌కి అసలు వాసనే ఉండదు, నీకొచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్. బుడగలో ఉండేది మాత్రం చాలావరకు మీథేనే, 1776లో ఇటలీలో వోల్టా (బ్యాటరీ కనిపెట్టినాయనే) మజోరె సరస్సు దగ్గర అచ్చం నీలాగే బురద కెలికి, పైకొచ్చిన గ్యాస్ పట్టి అంటించి చూశాడు.

ఆ కంపుని తీసిపారెయ్యకు, నీ థీసిస్ సగం అందులోనే ఉంది. బురదలో ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు దాని బదులు నైట్రేట్, ఐరన్, సల్ఫేట్ అలా వరసగా ఏది దొరికితే అది వాడుకుంటూ పోతాయి, ఇవేవీ మిగలనప్పుడు మీథేన్ చేసే ఆర్కియా వంతొస్తుంది (ఇవి చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉన్నా వేరే తెగ సూక్ష్మజీవులు, గోబర్ గ్యాస్ ప్లాంట్‌లో మీథేన్ చేసేదీ వీళ్ళ జాతే). సల్ఫేట్ ఉన్నంతసేపూ దాన్ని వాడి ఆ కంపు గ్యాస్ వదిలే బ్యాక్టీరియా, ఆర్కియాకి తిండైన హైడ్రోజన్నీ ఎసిటేట్‌నీ ముందే లాగేసుకుంటాయి, ఆర్కియాకి పెద్దగా మిగలదు. సముద్రపు నీళ్ళల్లో సల్ఫేట్ బోలెడు కాబట్టి మడ అడవుల బురద కంపు గట్టిగానే కొడుతుంది గానీ మీథేన్ మామూలుగా మంచినీటి చిత్తడి కన్నా తక్కువే వస్తుంది.

ఇప్పుడు మీ కొల్లేరు చూడు. బుడమేరు, తమ్మిలేరు మంచినీళ్ళు తెస్తాయి, ఉప్పుటేరు ఆ నీళ్ళని సముద్రంలో కలుపుతుంది, ఎండాకాలం వచ్చిందంటే అదే ఉప్పుటేరులోంచి ఉప్పునీళ్ళు ఎగదన్నుకొస్తాయి. మధ్యలో చేపల చెరువులు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేసిన కథ నీకు నేను చెప్పక్కర్లేదు. మేత ఎక్కువై కుళ్ళితే మీథేన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్ కూడా రావచ్చు, వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ దాదాపు 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ దాదాపు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తాయి. గుర్రపుడెక్క కింద బురద, చేపల చెరువు బురద, ఉప్పుటేరు మొగ బురద, ఈ మూడింట్లో ఉప్పు పెరిగేకొద్దీ మీథేన్ ఎవరు తగ్గిస్తున్నారు, ఎంత తగ్గిస్తున్నారు, ఈ ఒక్క ప్రశ్న చాలు నాలుగైదేళ్ళకి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. బురద తెచ్చి సీక్వెన్సింగ్‌కి (అందులోని డీఎన్‌ఏ చదివించడానికి) పంపి, ఇన్ని జాతులున్నాయి అని రంగురంగుల గ్రాఫ్‌లు వేసి వదిలేసే థీసిస్ చెయ్యకు, అలాంటివి ఇప్పటికే కుప్పలున్నాయి. ఏ రోజు ఏ చోట గ్యాస్ కొలిచావో అదే రోజు అక్కడి బురదే తియ్యి, మీథేన్ చేసేవాళ్ళ ఎంసీఆర్‌ఏ జీన్, దాన్ని తినేవాళ్ళ పీఎంఓఏ జీన్ రెండూ లెక్కపెట్టు. కింద తయారైనదంతా పైకి రాదు, ఆక్సిజన్ తగిలే పైపొరలో తినేవాళ్ళు చాలా మింగేస్తారు. ఇంకోటి, తూటికాడ, కిక్కిస లాంటి మొక్కల కాడల్లోంచి కూడా గ్యాస్ పైకి పోతుంది, గ్యాస్ పట్టే బాక్స్ మొక్కల్లేని ఖాళీ నీళ్ళ మీదే పెడితే అది లెక్కలోకి రాదు.

ఫీల్డ్ పని అంటావా, తేలే అక్రిలిక్ బాక్స్ నీళ్ళ మీద బోర్లించి పది నిమిషాలకోసారి సిరంజితో గాలి లాగి సీసాల్లో పెట్టి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి (ఏ గ్యాస్ ఎంతుందో కొలిచే మెషీన్) ఇవ్వడమే, చెప్పడానికి ఇంతే. కానీ పడవ ఊగినా, గెడ బురదలో దిగినా బుడగలు ఎగజిమ్మి ఆ రీడింగ్ పాడైపోతుంది, అందుకే పడవ తోసే మనిషి మంచోడై ఉండాలి, గైడ్ కన్నా ఆయనే ముఖ్యం అనిపిస్తుంది ఒక్కోసారి! పగలే కాదు రాత్రుళ్ళు కూడా కొలవాలి, నీళ్ళలో ఆక్సిజన్ తెల్లారుజామున బాగా పడిపోతుంది.

డబ్బు సంగతి, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళూ నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. చేరేముందు ఆ ల్యాబ్‌లో క్రొమటోగ్రాఫ్ నిజంగా నడుస్తోందా లేక గుడ్డ కప్పి ఉందా, కళ్ళారా చూసి రా. కొల్లేరు అభయారణ్యం కాబట్టి అటవీశాఖ పర్మిషన్ లేకుండా బురద ముట్టుకోకూడదు, అది వచ్చేసరికి నెలలు పడుతుంది, చేరిన మొదటి నెలలోనే గైడ్ చేత లెటర్ రాయించి పంపెయ్.