క్రైస్ట్‌చర్చ్‌లో ఒక్క రాత్రి సరిపోతుందా అంటే...

"డిసెంబరులో తొమ్మిది రోజులు న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్తున్నాం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగిన రాత్రి పడుకుని తెల్లారి బయల్దేరిపోతే చాలు కదా, అక్కడ తోటలు తప్ప ఏమీ లేవంట?" అని అడిగారు.

చాలదు. ఆ మాట మీకు చెప్పినవాళ్లు ఎయిర్‌పోర్టులోనే అద్దెకారు ఎక్కి, టెకపో సరస్సు ఒడ్డున ఉన్న చర్చి ముందు ఫొటో దిగడానికి పరిగెత్తినవాళ్లే అయ్యుంటారు. మా మరిది ఆ బాపతే. మేం నలుగురం వెళ్లే ముందు ఎక్సెల్ షీట్ ఒకటి పంపాడు. తొమ్మిది రోజులు, ఏడు హోటళ్లు! రోజూ పెట్టె సర్దడం, పెట్టె విప్పడం, తడిసిన బట్టలు కవర్లో కుక్కడం. పుణ్యక్షేత్రాల బస్సు యాత్ర కూడా ఇంతకంటే నిదానంగా నడుస్తుంది. నేను ససేమిరా అన్నాను. ఆరు రాత్రులు క్రైస్ట్‌చర్చ్‌లోనే, ఒకే ఇంట్లో. పొద్దున వెళ్లడం, రాత్రికి వచ్చేయడం. డిసెంబరులో అక్కడ తొమ్మిది కావస్తే గానీ పొద్దు గూకదు కాబట్టి దారిలో చీకటి పడుతుందన్న భయం లేదు.

ఊరు నడిబొడ్డున ఉండమనడానికి నా కారణం తోటలు కాదు, గాలి. ఇది ఏ ప్యాకేజీవాడూ చెప్పడు.

మేం వెళ్లిన మూడో రోజు షీట్‌లో ఆర్థర్స్ పాస్ అని ఉంది, పడమటి కొండల్లోని కనుమ. ఇంటావిడ డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే గులాబీలకు నీళ్లు పెడుతూ పడమటి వైపు చూపించింది. కొండల మీద మబ్బు విల్లులా వంగి ఉంది, దాని కింద నీలంగా ఆకాశం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. "వాయవ్యం గాలి మొదలైంది, ఇవాళ కొండలకు పోకండి, అకరోవా వెళ్లండి" అంది. నేను సరేనన్నాను. మరిది ఫోను తీసి, "ఆర్థర్స్ పాస్ రేపటికి మారిస్తే మొత్తం జరపాలి వదినా" అన్నాడు. మా ఆయన ఎప్పటిలాగే తమ్ముడి వైపు.

బయల్దేరాం. 73వ నంబరు రోడ్డు, రెండు గంటల ప్రయాణం. పోర్టర్స్ పాస్ ఎక్కి దిగి కాజిల్ హిల్ దగ్గర ఆగితే ఎండ ఫెళ్లున కాస్తోంది. ఏనుగుల మంద పడుకున్నట్టు సున్నపురాళ్లు, వాటి మధ్య గడ్డి. గాలికి మాత్రం కారు తలుపు పట్టుకుని తీయాల్సి వచ్చింది. "చూశావా వదినా, వాన ఎక్కడుంది?" అన్నాడు మరిది. అక్కణ్నుంచి మరో అరగంటకు పైగా పోయాం, అంతే. ఎవరో తెర లాగినట్టు వాన. చినుకులు కాదు, అడ్డంగా కొట్టే వాన. ఆర్థర్స్ పాస్ ఊళ్లో అడుగు పెట్టేసరికి ఎదురుగా కొండే కనిపించలేదు.

వచ్చాం కదా అని డెవిల్స్ పంచ్‌బౌల్ జలపాతానికి నడిచాం. 131 మీటర్ల జలపాతం, వెళ్లి రావడానికి గంట, ఎక్కువగా మెట్లే. పది నిమిషాల్లో మా ఆయన గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది. తోడికోడలు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం వానకంటే భయంగా ఉంది. పైన జలపాతం చప్పుడు విన్నాం, చూశామని మాత్రం చెప్పలేను. కిందికి వస్తే కారు మీద రెండు కియా చిలకలు. ఆకుపచ్చగా, కోడిపెట్టంత ఉంటాయి, ముక్కు కొడవలి. ఒకటి మమ్మల్ని కబుర్లలో పెట్టినట్టు బానెట్ మీద గెంతుతుంటే, రెండోది తలుపు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు మూరెడు పీకేసింది. వాటికి తిండి పెట్టకూడదని బోర్డు ఉంది. మేం పెట్టలేదు, అదే తీసుకుంది. ఆ బీడింగుకు అద్దెకారు కంపెనీవాడు వేసిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ రెయిన్‌కోట్లు వచ్చేవి, అది వేరే ఏడుపు.

ఇక అసలు సంగతి. తడిసి ముద్దయి మధ్యాహ్నం మూడున్నరకు క్రైస్ట్‌చర్చ్ వస్తే అక్కడ 31 డిగ్రీల ఎండ! హాగ్లీ పార్కులో జనం గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. అదే గాలి. సముద్రం నుంచి వచ్చి కొండల అవతలి వైపు ఎక్కుతూ వాన కుమ్మరించేసి, ఇవతలికి దిగేసరికి పొడిగా, వేడిగా మన వడగాలిలా తయారవుతుంది. అందుకే ఆర్థర్స్ పాస్‌లో ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, క్రైస్ట్‌చర్చ్‌లో 600 చిల్లర. బెజవాడ కంటే తక్కువ! అంత తక్కువ వానలో ఆ తోటలు పెంచారంటే చేతులెత్తి మొక్కాలి.

దక్షిణపు గాలి వీస్తే కథ తిరగబడుతుంది. మన కావ్యాల్లో మలయమారుతం దక్షిణం నుంచి వచ్చి ఒళ్లు పులకరింపజేస్తుంది. అక్కడ దక్షిణాన ఉన్నది అంటార్కిటికా. నడివేసవిలోనూ స్వెట్టరు వేయిస్తుంది, ఊళ్లో చలివాన. అలాంటి రోజున తరచుగా కొండల అవతల పడమటి తీరం తెరిపిగా ఉంటుంది. అంటే పొద్దున గాలి ఎటు నుంచి ఉందో చూసుకుని ఎటు పోవాలో తేల్చుకోవచ్చు. ముందే ఏడు హోటళ్లకు డబ్బు కట్టేసినవాడికి ఆ వీలు లేదు, వానలోకైనా పోవాల్సిందే. నేను ఊళ్లో ఉండమనేది ఇందుకే.

వాయవ్యం గాలి రోజున ఆగ్నేయంగా బ్యాంక్స్ పెనిన్సులా వైపు పోండి. అకరోవా 80 కిలోమీటర్లు, మెలికల రోడ్డు, 1840లో ఫ్రెంచివాళ్లు వచ్చి దిగిన ఊరు. హెక్టర్స్ డాల్ఫిన్లు కనిపిస్తాయి, బుజ్జివి. గాలి మరీ ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, కాబట్టి ముందు ఫోన్ చేయండి. తిమింగలాలకు కైకౌరా, ఉత్తరంగా 180 కిలోమీటర్లు. ఔరాకి, అంటే మౌంట్ కుక్ శిఖరం, మాత్రం 330 కిలోమీటర్లు, ఒక్కరోజులో పోయి రావద్దు. టెకపోలో ఒక రాత్రి ఉండండి, అది నేనూ ఒప్పుకుంటాను. పోనీ ఆ చర్చి ముందు ఫొటో కూడా దిగండి.

ఏ వైపూ పోబుద్ధి కాని రోజు బొటానిక్ గార్డెన్స్ ఉండనే ఉంది. 1863లో ఒక్క ఓక్ మొక్కతో మొదలైన తోట, టిక్కెట్టు లేదు. అయితే నన్ను పట్టుకున్నది ఆ తోట కాదు. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోయారు. నేల దెబ్బతిన్నదని ఏవన్ నది వెంబడి వేల ఇళ్లు కూల్చేశారు. ఇప్పుడక్కడ గోడలు లేవు, గేట్లు లేవు, పెరటిచెట్లు మాత్రం మిగిలాయి. ఒక ఇంటి హద్దు ఎక్కడ ముగిసి ఇంకోటి మొదలైందో చెట్ల వరసను బట్టి పోల్చుకోవచ్చు. ఒక సాయంత్రం అక్కడ నడుస్తుంటే, ప్రతిదానికీ వ్యాఖ్యానం చెప్పే మరిది కూడా నోరు మెదపలేదు.

మీ తొమ్మిదిలో నాలుగు రాత్రులు క్రైస్ట్‌చర్చ్‌లో పెట్టండి, మూడుకు తగ్గకండి. ఇంకొకటి, మన దగ్గర ట్రెక్కింగులకు వేసుకున్న బూట్లు తీసుకెళ్తుంటే అడుగున మట్టి లేకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమండి, వాటి సంగతి న్యూజిలాండ్ ప్రయాణికుల డిక్లరేషన్‌లో రాయండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. నేను రాశాను, ఆఫీసరు తీసుకెళ్లి కడిగి తెచ్చి ఇచ్చాడు. నా బూట్లు అంత శుభ్రంగా కొన్నరోజున కూడా లేవు.