పరిశోధన వదలడం వేరు, పీహెచ్‌డీ వదలడం వేరు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది ఐదో ఏడు. రెండు పేపర్లు అచ్చయ్యాయి, మూడోది నడుస్తోంది. మా సీనియర్లలో ఒకరు మూడో పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి) వెళ్తున్నారు, మరొకరు పీరియడ్‌కు ఇంతని లెక్కగట్టి ఇచ్చే గెస్ట్ ఫ్యాకల్టీగా చేరారు. నాకు ఈ దారి మీద నమ్మకం పోయింది. నాలుగు నెలల్లో ఫెలోషిప్ ఆగిపోతుంది. ఇప్పుడే మానేసి ఫార్మా కంపెనీలో చేరతానంటే, ఇన్నేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరేనా అని నాన్నగారు బాధపడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి బయటికి రావాలన్న మీ ఆలోచనను నేను కాదనను. దాన్ని ఓటమిగా చూసేది సాధారణంగా అందులో స్థిరపడినవారే. అయితే పరిశోధనను వృత్తిగా కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్నతో, చేతిలో ఉన్న థీసిస్‌ను సమర్పించాలా వద్దా అన్న ప్రశ్నను మీరు కలిపేస్తున్నారు. మొదటిదానికి మీరే జవాబు చెప్పుకున్నారు. రెండోదాని విషయంలో మాత్రం, సమర్పించాకే బయటికి రండని గట్టిగా చెబుతాను.

పేరుకు ముందు 'డాక్టర్' అని రాసుకోవడం కోసం కాదు. ఫార్మా కంపెనీల పరిశోధన విభాగాల్లో ఎమ్మెస్సీతో చేరేవారికీ పీహెచ్‌డీతో చేరేవారికీ హోదాలు వేరు, పైకెక్కే మెట్లూ వేరు. ఐదో ఏట మానేస్తే మీకంటే ఐదారేళ్లు చిన్నవారితో ఒకే వరుసలో నిలబడాలి. పైగా మధ్యలో ఎందుకు మానేశారన్న ప్రశ్నకు ప్రతి ఇంటర్వ్యూలోనూ సంజాయిషీ చెప్పుకోవాలి. ల్యాబ్‌లో వేధింపులో, ఆరోగ్యం పాడవడమో ఉన్నవారికి నేనీ మాట చెప్పను, వారు వెంటనే బయటపడాలి. మీ ఉత్తరంలో ఆ ఛాయలేమీ కనిపించలేదు.

ఇక డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్‌, ఎస్‌ఆర్‌ఎఫ్‌ (జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు) కలిపి ఐదేళ్లే ఇస్తారు. యూజీసీ 2022 నిబంధనలేమో పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్ల వరకు గడువిస్తున్నాయి. అంటే రిజిస్ట్రేషన్ బతికే ఉంటుంది, నెలనెలా వచ్చే 42 వేల రూపాయలు మాత్రం ఆగిపోతాయి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. ఉద్యోగంలో చేరి తీరిగ్గా రాద్దామనుకుని, షిఫ్టుల మధ్య రాయలేక చివరికి వదిలేసినవారిని నేను చాలామందినే చూశాను.

కనుక మూడో పేపరును పక్కన పెట్టండి. థీసిస్‌కు ముందు పేపరు అచ్చయి ఉండాలన్న షరతు 2022 నిబంధనల్లో లేదు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టుకున్నా, మీకు ఇప్పటికే రెండున్నాయి. ఉన్న పనితోనే ఫలానా తేదీకి సినాప్సిస్ (థీసిస్ సారాంశం) ఇస్తానని ఈ నెలలోనే మీ గైడ్‌గారితో మాట్లాడండి. ఇంకొక్క సిరీస్ కాంపౌండ్లు చేస్తే పెద్ద జర్నల్‌లో వస్తుందని వారు అనవచ్చు, అది నిజమూ కావచ్చు. కానీ పెద్ద జర్నల్‌తో అవసరం అధ్యాపక పదవి కోరుకునేవారికి.

రెజ్యూమె గురించి మీరు అడగలేదు గానీ, మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. 'క్వినోలిన్ ఉత్పన్నాల సంశ్లేషణ, జీవక్రియాశీలత అధ్యయనం' వంటి థీసిస్ పేరు మొదటి పంక్తిలోనే కనిపిస్తుంది. కంపెనీవారికి మీ క్వినోలిన్‌తో పని లేదు. ఆ పని చేస్తూ మీరు ఒక రియాక్షన్‌ను 100 మిల్లీగ్రాముల నుంచి 20 గ్రాములకు పెంచి ఉంటారు. కాలమ్ (పదార్థాలను సిలికా నింపిన గొట్టం గుండా పంపి వేరుచేసే పద్ధతి) జోలికి పోకుండా స్ఫటికీకరణతోనే శుద్ధి చేసి ఉంటారు. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో అంటుకుని వచ్చే రెండు పీకులను విడదీసి ఉంటారు. ప్లాంటులో టన్నుల లెక్కన తయారుచేసేవారికి కాలమ్ లేకుండా శుద్ధి చేయడమంటే ఎంత ఖర్చు తగ్గుతుందో తెలుసు కాబట్టి, ఆ ఒక్క వాక్యం దగ్గర తప్పకుండా ఆగుతారు. పరిమాణాలు, దిగుబడి, శుద్ధత శాతాలతో సహా రాయండి. అచ్చుకాని డేటాను, కాంపౌండ్లను మాత్రం వెంట తీసుకెళ్లకండి, అవి ల్యాబ్ సొత్తు.

బెంచ్ పని, అంటే ల్యాబ్‌లో స్వయంగా ప్రయోగాలు చేయడం, ఇష్టమేననుకుంటే హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోనో, విశాఖ దగ్గరి పరవాడలోనో ప్రాసెస్ డెవలప్‌మెంట్ (ల్యాబ్ పద్ధతిని ప్లాంటు స్థాయికి పెంచే) ఉద్యోగాలు చూడండి. బెంచ్ అంటేనే విసుగు పుట్టి ఉంటే పేటెంట్ల రంగం ఉంది. సైన్స్ డిగ్రీ, 21 ఏళ్ల వయసు ఉన్న భారత పౌరులెవరైనా పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయవచ్చు. పరీక్షలోని రెండు రాత పేపర్లలో ఒక్కోదానిలో కనీసం 50 శాతం, వైవాతో కలిపి మొత్తంమీద 60 శాతం రావాలి. ఎల్‌ఎల్‌బీ అక్కరలేదు. ఒక రియాక్షన్‌లో కొత్తదనం ఎక్కడుందో పట్టుకోగలిగినవారికి ఈ పని ఒంటబడుతుంది.

నాన్నగారికి నచ్చజెప్పడానికి జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఎత్తమని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కని ఆయన 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ, ఫైలేరియా మందు హెట్రజాన్ అక్కడ ఆయన బృందాలు సాధించినవే. ఆయన వదిలింది విశ్వవిద్యాలయాన్నే, పరిశోధనను కాదు కాబట్టి మీ సందర్భానికి ఆ ఉదాహరణ పూర్తిగా అతకదు. థీసిస్ ఏ నెలలో ఇస్తారో, ఎక్కడెక్కడ దరఖాస్తు చేస్తున్నారో నాన్నగారికి కాగితం మీద రాసి చూపించండి, ఆయన బెంగ చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: అమెరికాలో జె-1 వీసా మీద పోస్ట్‌డాక్‌గా ఉన్నాను. కంపెనీకి మారాలనుకుంటున్నాను. జె-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ప్రకారం నేనూ ఇండియాలో ఉండి రావలసిందేనా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: అందరికీ ఆ నిబంధన వర్తించదు. ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా ప్రభుత్వం ప్రకటించే జాబితా కారణంగా చాలామంది భారతీయులు అందులోకి వచ్చేవారు గానీ, 2024 డిసెంబరులో సవరించిన జాబితాలో మన దేశం లేదు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి మాత్రం నిబంధన కొనసాగుతుంది. జె-1కు ఆధారమైన మీ డీఎస్-2019 ఫారంలో ఏముందో విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ కార్యాలయంలో చూపించి, రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇక హెచ్-1బీ ఉద్యోగ వీసా సంగతి: విశ్వవిద్యాలయాల తరఫున వచ్చేదానికి వార్షిక పరిమితి లేదు, సాధారణ కంపెనీల తరఫున వచ్చేదానికి ఉంది. లాటరీ నమోదు మార్చిలో జరుగుతుంది, ఎంపికైతే ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరులో. కాబట్టి ప్రస్తుత ఒప్పందం ఆ నడుమ ముగియకుండా ముందే పొడిగించుకోండి.